పాప కూర్చుందని పంచిన కుడుములు

ఉదయం ఏడూ పదిహేనుకి మా వియ్యపురాలు హాల్లో కుర్చీలో కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, ఫోన్లో "అవును" అన్న చోట వేలు పెట్టి నొక్కింది. పక్కన స్టూలు మీద కాఫీ గ్లాసు ఉంది. పాప ఆవిడ ఒళ్లో పడుకుని ఉంది. బోర్లా పడుకోబెడితే పాప చేతులు నేలకి ఆనించి ఛాతీ పైకెత్తుతోందా అన్నది ఆ పూట ప్రశ్న. పాప ఎత్తదు. ఎత్తదని నాకు ముందురోజు సాయంత్రం తెలిసింది. ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. హాల్లోకి రాకూడదు కాబట్టి అక్కడ నిలబడ్డాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. పాప నిద్రలేచి, ముందుగా దేవుడి పటం చూసి, నాన్నమ్మ మొహం చూశాకే నా మొహం చూడాలి. నేను పెనుగొండలో ఆ ఇంటికి వచ్చిన రోజే ఆవిడ ఈ మాట చెప్పింది. చాలా మర్యాదగా చెప్పింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ. నాకేం పట్టింపులు లేవండి. గుండె ఆపరేషన్ అయిన పిల్ల కదాని."

నేను ఏమీ అనుకోలేదని చెప్పాను. అనుకున్నాను.

పాపకి పుట్టిన వారంలోనే గుండెకి ఆపరేషన్ చేశారు. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి అమరి పుట్టింది. విశాఖపట్నంలో ఛాతీ తెరిచి వాటిని మార్చి కుట్టారు. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు, గుండె బాగైందనీ ఇక చూసుకోవలసింది ఎదుగుదలనీ చెప్పాడు. ఇంత చిన్నప్పుడు ఇలాంటి ఆపరేషన్ అయిన పిల్లల్లో కొందరు మెడ నిలపడంలో, కూర్చోవడంలో, చేతులు వాడటంలో వెనకబడతారట. ముందే కనిపెట్టి వ్యాయామం చేయిస్తే చాలావరకు సర్దుకుంటారట. ఆలస్యమైతే ఎంతవరకు సర్దుకుంటారో చెప్పలేమన్నాడు. అందుకోసం ఫోన్లో ఒక యాప్ పెట్టి ఇచ్చారు.

ఆ యాప్ పని తేలికైనదే. రోజూ పాపతో ఏం చేయించాలో బొమ్మలతో చూపిస్తుంది. ఉదయం ఒక ప్రశ్న అడుగుతుంది. అవును, లేదు అని రెండే గళ్లు ఉంటాయి. అప్పుడప్పుడు వీడియో తీసి పంపమంటుంది. లేదు అని కొన్నిసార్లు వస్తే వ్యాయామం నేర్పే అమ్మాయి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, ఏం తేడా ఉందో చూసి, ఏం మార్చాలో చెబుతుంది. అన్నీ అవును వస్తే ఫోన్ రాదు. రావలసిన పనీ లేదు.

మొదట్లో కూతురూ పాపా రాజమండ్రిలో మా ఇంట్లోనే ఉన్నారు. యాప్ మా ఆయన ఫోన్లో పెట్టించాం, పగలంతా పాపతో ఇవన్నీ చేయించేది ఆయనే కాబట్టి. నేను లైబ్రరీ ఉద్యోగంలోంచి రిటైరయినా, వాళ్లు పిలిస్తే వెళ్లి పుస్తకాలు సర్ది వస్తుండేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి ఆయన చాప మీద పాప పక్కనే బోర్లా పడుకుని ఉండేవాడు. కుట్లు మానాక పాపను రోజుకి నాలుగైదుసార్లు పొట్టమీద పడుకోబెట్టమని యాప్ చెప్పింది. పాపకి అది ఇష్టం ఉండేది కాదు. ఏడ్చేది. ఆయన కూడా తల నేలకి ఆనించి, పాప మొహంలోకి చూస్తూ, పేపర్లో వార్తలు చదివి వినిపించేవాడు. పాప ఆ గొంతు కోసం తల కాస్త ఎత్తేది.

యాప్ తెలుగు ఆయనకి రోజూ వినోదం. ఎవరో యంత్రంతో మార్పించినట్టుండేది. ఒకరోజు కళ్లజోడు తీసి తుడుచుకుని నాకు చదివి వినిపించాడు. "మీ శిశువు వస్తువును గ్రహించు ఆసక్తిని ప్రదర్శించుచున్నదా?"

"అంటే?"

"గిలక చూపిస్తే చెయ్యి చాపుతోందా అని. ప్రదర్శించడం ఏంటోయ్, సర్కసా?"

సరిగ్గా చాపడం లేదు. కుడిచెయ్యి చాపుతోంది కానీ ఎడమచెయ్యి పిడికిలి బిగించే ఉంచుతోంది. ఆయన "లేదు" నొక్కాడు. మా అమ్మాయికి అది నచ్చలేదు.

"అన్నీ లేదు లేదని పెడితే ఏం బాగుంటుంది నాన్నా? ఇవాళ కాకపోతే రేపు చాపుతుంది కదా."

"ఇది పరీక్ష కాదమ్మా, మార్కులు వేయరు. లేదంటేనే కదా ఆ అమ్మాయి ఫోన్ చేసేది."

ఆ అమ్మాయి చేసింది. ఎడమ పిడికిలిని ఎలా నిమిరి విప్పాలో, గిలకని ఎటువైపు నుంచి చూపాలో చెప్పింది. ఆయన అలాగే చేశాడు. పిడికిలి కొంచెం కొంచెంగా విచ్చుకోవడం నేను చూశాను. పాపకి మూడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకుని మళ్లీ లేవలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడే వియ్యపురాలు కారు తీసుకుని వచ్చింది. చావు జరిగిన ఇంట్లో పసిబిడ్డ ఉండకూడదంది. మా అమ్మాయి కొంచెం గట్టిగా నిలబడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తండ్రి పోయిన మనిషిని గట్టిగా నిలబడమని అడగకూడదు కాబట్టి నేను అడగలేదు. ఆయన ఫోన్, ఛార్జరు, గిలకా ఒక సంచిలో పెట్టి పంపించాను.

ఆ తర్వాత మా అమ్మాయి సెలవు అయిపోయి తణుకులో కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టింది. అల్లుడు రొయ్యల చెరువుల పనిమీద పగలంతా బయటే. పాపా, ఫోనూ నాన్నమ్మ చేతిలో ఉండిపోయాయి. నేను రోజూ ఫోన్ చేసి అడిగేదాన్ని. అంతా బాగుందనేవారు. ఆసుపత్రి వాళ్లు చేస్తున్నారా అంటే, "లేదమ్మా, అన్నీ బాగా చేస్తోందిగా, వాళ్లకి చేసే పనేముంది" అనేది మా అమ్మాయి. తను ఇంటికి వచ్చేసరికి పాప పాలు తాగి నిద్రపోతూ ఉండేది. ఆదివారాలు చుట్టాల ఒళ్లలో ఉండేది. అత్తగారు చెప్పింది నమ్మింది. నమ్మకపోతే ఉద్యోగానికి వెళ్లలేదు.

మా వైపు పిల్ల మొదటిసారి కూర్చుంటే కుడుములు వండి వీధిలో పంచుతారు. పాకితే పాకుండలు వండుతారు. ఏడో నెలలో ఒకరోజు కుటుంబం గ్రూపులో ఫోటో వచ్చింది. పట్టు గౌను వేసుకుని, మూడు వైపులా దిండ్లతో పాప కూర్చుని ఉంది. మా బంగారం కూర్చుందోచ్ అని కింద రాశారు. ఆ సాయంత్రం అల్లుడు ఏదో పనిమీద రాజమండ్రి వస్తూ క్యారేజీ నిండా కుడుములు తెచ్చాడు. పక్కింటి వాళ్లకి ఇచ్చాను. ఒకటి చిన్న పళ్లెంలో పెట్టి మా ఆయన ఫోటో ముందు ఉంచాను. నేను ఫోటోలతో మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు మాత్రం బయటికే చెప్పాను, మీ మనవరాలు కూర్చుందండీ అని.

చాలామంది చాలా అబద్ధాలు చెబుతారు. వాటితో నాకు పేచీ లేదు. ఆ కుడుము పెట్టించిన అబద్ధంతో ఉంది. పాప దిండ్ల మధ్య నిలబెట్టిన బొమ్మలా కూర్చుందనీ, దిండు తీస్తే పక్కకి వాలిపోయేదనీ నాకు తెలియదు. నా చేత ఆయనకి అబద్ధం చెప్పించారు.

పాపకి తొమ్మిదో నెల వచ్చాక వియ్యపురాలికి మోకాలు పట్టేసింది. కొన్నాళ్లు సాయానికి రమ్మని మా అమ్మాయి పిలిచింది. ఆవిడ ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టిందని తర్వాత తెలిసింది. రావులపాలెం మీదుగా బస్సులో వచ్చి సిద్ధాంతం ఊళ్లో దిగి, అక్కడ ఆటో ఎక్కి వెళ్లాను. సాయంత్రం పాపను ఎత్తుకున్నాను. బరువుగా, తెల్లగా, నూనె వాసనతో ఉంది. ఆవిడ ఒళ్లు పట్టడంలో, పాలు పట్టడంలో ఏ లోటూ చేయలేదు. చాప పరిచి పొట్టమీద పడుకోబెట్టాను. మొహం నేలకి కొట్టుకుంది. ఎడమచెయ్యి ఒంటి కిందే ఉండిపోయింది. పిడికిలి బిగించి ఉంది. ఆయన విప్పించిన పిడికిలి.

ఆవిడ లోపలినుంచి కుంటుకుంటూ పరుగున వచ్చి పాపను లాక్కుంది.

"అయ్యయ్యో, అదేం పనండి! కుట్లు విడిపోవూ?"

"కుట్లు మానిపోయి ఎన్ని నెలలైంది వదినగారూ. రోజూ పడుకోబెట్టమనే కదా ఫోన్లో చెప్పేది."

"ఫోన్ చెబుతుందండి. ఫోన్‌కేం, దానికి పిల్లలా జెల్లలా? నేను మాత్రం నా మనవరాల్ని ఇప్పటిదాకా నేలమీద పెట్టలేదు, ఏమనుకున్నారో." గొప్పగానే చెప్పింది.

మర్నాడు ఉదయం ఆవిడ "అవును" నొక్కడం చూసి అడిగాను. వంటింటి గుమ్మంలోంచే అడిగాను.

"పాప ఎత్తదు కదండి. అవునని పెట్టారేంటి?"

"ఎత్తుతుందిలెండి, ఎక్కడికి పోతుంది. పసిపిల్ల గురించి పొద్దున్నే నోటితో లేదు అనకూడదండి. చేత్తో అసలు నొక్కకూడదు. ఆరు నెలల నుంచి ఒక్కసారి కూడా నొక్కలేదు నేను."

ఆ ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. మా ఇంట్లోనూ అంతే. నేనూ అలాగే పెరిగాను. బియ్యం డబ్బా విషయంలో ఆ అలవాటు ఎవరికీ హాని చేయదు.

"మీరు లేదంటేనే కదా వాళ్లకి తెలిసేది. మా ఆయన అలాగే చేసేవారు" అన్నాను.

ఆవిడ కాఫీ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది. "చేసేవారండి, చూశాను. ఫోన్ నిండా లేదు, లేదు, లేదు. అంత మంచి మనిషి, రోజూ పొద్దున్నే ఆ మాట పట్టుకుని కూర్చున్నారు. ఏం జరిగిందో చూశాంగా." వెంటనే గొంతు మార్చి, "ఊరికే అంటున్నాలెండి. టిఫిన్ చేయండి, చల్లారిపోతుంది" అంది.

నేను టిఫిన్ చేశాను. ఇడ్లీ. ఆవిడ పక్కనే కూర్చుని కొసరి కొసరి చట్నీ వేసింది. నేను ఇది క్షమించనని తింటూనే అనుకున్నాను. కోపంలో అనుకున్న మాట కాదు. చాలా స్థిమితంగా ఉన్నాను.

ఆ రోజే యాప్ వీడియో కూడా అడిగింది. పాప పాకడానికి చేసే ప్రయత్నం తీసి పంపమంది. వియ్యపురాలు ముందే సిద్ధంగా ఉంది. పాకుండలకి బియ్యం నానబోసి కూడా ఉంచింది. వాళ్ల తోడికోడలి మనవడు నెల క్రితమే పాకాడు. ఆ పాకుండలు ఈ ఇంటికి వచ్చాయి. బదులు వెళ్లాలి.

"మీరు తీయండి వదినగారూ. కోడలు తీస్తే అన్నీ వంకరగా వస్తాయి. మీకు ఇవన్నీ బాగా వచ్చుగా" అని మా ఆయన ఫోన్ నా చేతికిచ్చింది.

మా అమ్మాయి కాలేజీకి వెళ్లాక ఆవిడ మంచం మీద ఎర్ర దుప్పటి పరిచింది. పాపకి పొడుగు గౌను వేసి బోర్లా పడుకోబెట్టింది. గౌను కిందినుంచి తన అరచెయ్యి పాప పొట్టకింద పెట్టి ఎత్తింది. ముందు గిలక పెట్టింది. చూడ్డానికి పాప చేతులూ మోకాళ్ల మీద లేచినట్టే ఉంది. ఆవిడ చెయ్యి ముందుకు జరిపితే పాప ముందుకు జరిగింది.

"నా చెయ్యి పడకుండా తీయండే."

"అలాగేనండి."

"పడట్లేదు కదా?"

"లేదండి."

"రా బంగారం, రా, రా. అమ్మమ్మ సినిమా తీస్తోంది చూడు. నవ్వు. అదీ." కొంత దూరం జరిపాక ఆవిడ చెయ్యి నొప్పి పుట్టింది. "అయిందాండి?"

"అయిందండి" అన్నాను. ఫోన్ కిందికి దించలేదు.

ఆవిడ చెయ్యి తీసింది. పాప ఒక్కసారిగా దుప్పటి మీదికి పడింది. ఎడమచెయ్యి కింద ఇరుక్కుంది. తల ఎత్తాలని చూసి, ఎత్తలేక, బుగ్గ దుప్పటికి ఆన్చి ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడ తీసిన చెయ్యి ఇంకా బయట కనిపిస్తూనే ఉంది, గాజులతో సహా. అప్పుడు ఆవిడ పాపను ఎత్తుకుని భుజాన వేసుకుంది. "ఏడవకమ్మా, అయిపోయిందిగా. ఈ దెబ్బకి మా తోడికోడలు నోరు మూస్తుంది." అంతా వచ్చింది. మాటలతో సహా.

"హాస్పిటల్‌కి పంపేయండి వదినగారూ. అలాగే మన గ్రూపులో కూడా పెట్టేయండి. ఇప్పుడే పెట్టండి, అందరూ టిఫిన్ల టైముకి చూస్తారు."

నాకు వీడియో కత్తిరించడం వచ్చు. మా ఆయనే నేర్పాడు. చివర కొద్దిగా తీసేస్తే మిగిలినది ఎవరైనా నమ్మేలా ఉండేది. నేను ఏమీ తీయలేదు. మొత్తం ఆసుపత్రికి పంపాను. మొత్తం గ్రూపులో పెట్టాను. ఆవిడ చెప్పినట్టే చేశాను.

పెట్టాక ఒక విషయం చూశాను. గ్రూపులోంచి మా ఆయన నంబరు ఎవరూ తీయలేదు. వీడియో ఆయన పేరుతో, గోదావరి గట్టున నిలబడి తీయించుకున్న ఆయన ఫోటోతో వెళ్లింది. అది నేను అనుకుని చేసింది కాదు. తెలిసినా మానేసేదాన్ని కాదు.

మొదట ఎవరో పువ్వుల బొమ్మ పెట్టారు. చివరిదాకా చూడకుండా పెట్టి ఉంటారు. తర్వాత తోడికోడలు రాసింది, "అదేంటక్కా, నువ్వు చెయ్యి తీయగానే పాప పడిపోయింది?" ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు. పువ్వులు పెట్టిన మనిషి పువ్వులు తీసేసింది.

వియ్యపురాలు వంటింట్లో బియ్యం వడకడుతోంది. ఆవిడ ఫోన్ మోగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ హాల్లోకి వచ్చి నా వైపు చూసింది. ఫోన్ పెట్టేసి, కళ్లజోడు పెట్టుకుని, వీడియో చివరిదాకా చూసింది. తన గొంతు తనే విన్నది.

"ఇదేం పెట్టారండి?"

"మీరు పెట్టమన్నదే వదినగారూ."

"నా పరువు తీశారు కదండీ."

"పాప ఎత్తలేదన్న సంగతి మీకు ముందే తెలుసు. ఇప్పుడు అందరికీ తెలిసింది."

ఆవిడ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. నేను ఆ ఏడుపు పూర్తిగా విన్నాను. లేచి వెళ్లలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. నా జీవితంలో ఏ పండగనాడూ అంత తృప్తిగా కూర్చోలేదు.

అల్లుడు చెరువు గట్టునుంచి ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, అది తీసేయండి, మా బాబాయిలంతా ఫోన్లు చేస్తున్నారు" అన్నాడు. ఎలా తీయాలో నాకు తెలియదు బాబూ అన్నాను. తెలుసు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి నుంచి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మా ఆయనతో మాట్లాడిన అమ్మాయే. ఆయన పోయిన సంగతి తనకి తెలియదు. చెప్పాను. తర్వాత నెమ్మదిగా అంది, "ఇన్ని నెలలూ అన్నిటికీ అవునే వస్తోందండి అమ్మా. పాప బాగా చేస్తోందనుకున్నాం. లేదని ఒక్కసారి వచ్చినా నేను చేసేదాన్నండి." ఫోన్లోనే పాపను చూపించమంది. చాప పరిచి పడుకోబెట్టాను. వియ్యపురాలు గదిలోంచి బయటికి రాలేదు. ఆ అమ్మాయి పాప ఎడమచెయ్యి మాత్రమే చాలాసేపు చూసి, ఈ వారంలోనే తీసుకురమ్మంది.

విశాఖలో డాక్టరు పాపను ఆడించి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి చూశాడు. ఎడమవైపు బలం తక్కువగా ఉందన్నాడు. ఆపరేషన్ రోజుల్లో మెదడుకి కొంచెం దెబ్బ తగిలి ఉంటుందనీ, అది ఎవరి తప్పూ కాదనీ అన్నాడు. మూడు నాలుగు నెలల వయసులో ఆపకుండా చేయించి ఉంటే బాగుండేదన్నాడు. ఇప్పుడు మొదలుపెట్టినా ఎదుగుతుంది, ఎంతవరకూ అన్నది చూడాలి అన్నాడు. మా అమ్మాయి పాప ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది.

తిరుగు రైల్లో, తుని దాటాక, నాతో మాట్లాడింది.

"నాన్నయితే ఆసుపత్రికి పంపేవాడమ్మా. గ్రూపులో పెట్టేవాడు కాదు."

"పెట్టేవాడు కాదు" అన్నాను.

"నా కూతురు బోర్లా పడి ఏడుస్తుంటే ఊరంతా చూశారు. మా అత్తగారి పరువే అనుకున్నావా అది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. ఆసుపత్రికి మాత్రమే పంపి ఉంటే, పాపను చూసి వచ్చాక, మళ్లీ అదే ఇంట్లో అదే వేలు అవునని నొక్కేది. అందరూ చూశారు కాబట్టే పాపను నేను రాజమండ్రి తీసుకువెళతానంటే ఎవరూ కాదనలేదు. ఈ జవాబు నిజమే. కానీ నేను వీడియో పెట్టింది అందుకు కాదు. కుడుము కోసం పెట్టాను, కాఫీ తాగుతూ అన్న మాట కోసం పెట్టాను. మా అమ్మాయికి ఏ జవాబూ చెప్పలేదు. తను రాజమండ్రి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పాప మా ఇంటికి వచ్చింది. అదే చావు జరిగిన ఇల్లు. మా అమ్మాయి మళ్లీ సెలవు పెట్టింది. దగ్గర్లో వ్యాయామం చేయించే అతని దగ్గరికి వారంలో కొన్ని రోజులు తీసుకువెళ్లేవాళ్లం, మిగతావి యాప్ చూసి ఇంట్లో చేయించేవాళ్లం. ఉదయం ప్రశ్నకి నేనే జవాబు పెట్టేదాన్ని. చాలాకాలం లేదనే పెట్టాను. పెట్టిన ప్రతిసారీ ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

రెండు నెలల తర్వాత వియ్యపురాలు పాపను చూడటానికి వచ్చింది. మోకాలు తగ్గలేదు. మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంది. నేను చెయ్యి ఇవ్వలేదు. ఆవిడ వచ్చే వేళకి పాప చాప మీద పొట్టమీద ఉంది. ఆ వ్యాయామంలో పాప కాస్త ఏడ్చినా వెంటనే ఎత్తకూడదు, ఎడమచెయ్యి ఆనించి తనే లేవడానికి ప్రయత్నించనివ్వాలి. పాప నాన్నమ్మని చూసి ఏడుపు పెంచింది.

ఆవిడ వంగబోయింది.

"ముట్టుకోకండి వదినగారూ. కూర్చోండి."

"ఏడుస్తోందండి."

"ఏడవనివ్వండి. డాక్టరు చెప్పాడు."

ఆవిడ నేలమీద కూలబడి, రెండు చేతులూ ఒళ్లో ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చుంది. పాప ఆవిడ వైపే చూసి ఏడుస్తోంది. నేను గడియారం చూస్తూ ఉన్నాను. అవసరమైనంత సేపే ఉంచాను, ఒక్క క్షణం కూడా ఎక్కువ ఉంచలేదు. ఆ సేపు నాకు చాలలేదు.

"ఆ మచ్చ చూస్తే నాకు చెయ్యి ఆడదండి" అంది ఆవిడ, పాపను చూస్తూనే. "స్నానం పోసేటప్పుడు కూడా కళ్లు మూసుకునే పోసేదాన్ని. నేలమీద పెడితే అక్కడికక్కడే విడిపోతుందేమోనని భయం. లేదని నొక్కితే మళ్లీ కోస్తారేమోనని భయం. చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

అది నిజమని నాకు తెలుసు. ఆ భయం మా అమ్మాయికీ ఉండేది, నాకూ ఉండేది. మా ఆయనకి ఉండేదేమో, బయటికి చెప్పలేదు. ఆయన భయపడుతూనే పాప పక్కన నేలమీద పడుకున్నాడు. ఆవిడ భయపడి పాపను ఒళ్లోంచి దించలేదు. ఇద్దరి భయమూ ఒకటేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

టీ ఇచ్చాను. తాగింది. వెళ్లేముందు పాపను ఎత్తుకుంటానంది. ఎత్తుకోనిచ్చాను. క్షమించానని ఆవిడ అనుకుని ఉండవచ్చు. ఆ మాట నేను అనలేదు, ఇప్పటికీ అనలేదు.

పాపకి ఇప్పుడు రెండేళ్లు దాటాయి. గోడ వదిలి నడుస్తోంది. ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. బిస్కెట్ ఇస్తే కుడిచేత్తో అందుకుంటుంది. కుడిచేతిలో అప్పటికే ఏదైనా ఉంటే ఎడమచెయ్యి చాపుతుంది, కానీ వేళ్లు విప్పడానికి సమయం తీసుకుంటుంది. ఆ సమయంలో ఎంత భాగం పుట్టుకతో వచ్చిందో, ఎంత భాగం ఆ ఆరు నెలల్లో పోయిందో ఏ డాక్టరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేరు కాబట్టి, మొత్తం ఆవిడ లెక్కలోనే వేశాను. మా అమ్మాయి పెనుగొండకీ రాజమండ్రికీ మధ్య తిరుగుతోంది. నాతో పాప గురించి మాట్లాడుతుంది. వేరే సంగతులు తక్కువ.

కుటుంబం గ్రూపు ఇంకా ఉంది. పొద్దున్నే దేవుడి పటాలు వస్తాయి. వానాకాలంలో కాటన్ బ్యారేజీ దగ్గర నీళ్లు ఎంతకి చేరాయో వస్తుంది. పెళ్లి శుభలేఖలూ, పోయినవాళ్ల కబుర్లూ వస్తాయి. మొన్నీమధ్య తోడికోడలి రెండో కొడుక్కి కూతురు పుట్టిందని ఒక వాక్యం వచ్చింది. ఫోటో లేదు. ఆ తర్వాత ఆ పిల్ల ఊసు లేదు.

ఆ గ్రూపులో ఇప్పుడు ఎవరూ పిల్లల వీడియోలు పెట్టరు.